కంటిరాయి ఎక్కిన అచ్చియమ్మ

అరకు లోయకు పడమటి కొండల్లో జీలుగుపుట్టు అనే ఊరుండేది. ఊరి నడుమ, పనసచెట్ల నీడన, పెద్దలు కూర్చునే పలకరాళ్లు వరుసగా పరిచి ఉండేవి. ఊరంతా కూడే ఆ చోటును సదరు అనేవారు. పెద్దల రాళ్లకు ఎదురుగా మరో రెండు రాళ్లు ఉండేవి. ఒక్కో రాయి ఒక్క మనిషి నిలబడడానికి చాలేంత వెడల్పు, అంతే.

మేక పోయినా, పొలిమేర జరిగినా, పెళ్లాం అలిగి పుట్టింటికి పోయినా, సదరులో నోరు విప్పదలచినవాడు ముందుగా తేల్చుకోవలసింది ఒకటే. చెప్పబోయేది కళ్లారా చూసిందా, చెవులారా విన్నదా? చూసిందైతే తూర్పు రాయి ఎక్కాలి, అది కంటిరాయి. విన్నదైతే పడమటి రాయి, అది చెవిరాయి. కంటిరాయి ఎక్కేవాడు చిటికెడు పుట్టమన్ను నాలుక మీద వేసుకోవాలి. ఎక్కి అబద్ధమాడినవాణ్ని పులి వెతుక్కుంటూ వస్తుందని నమ్మకం. చెవిరాయి ఎక్కడంలో చిన్నతనం లేదు. విన్న మాటను కూడా పెద్దలు ఓపికగా ఆలకించేవారు. కాని చెవిరాయి మీది మాటతో ఎవరి నెత్తినా తప్పు మోపేవారు కారు.

వినికిడి సాక్ష్యం చెల్లదన్న ముక్కను పట్నపు కోర్టులు అచ్చువేసుకోవడానికి ఎన్ని తరాల ముందు నుంచి ఆ రాళ్లు అక్కడ ఉన్నాయో ఎవరూ చెప్పలేరు. కొండవాళ్లకు న్యాయం నేర్పడానికి వచ్చామని చెప్పుకున్నవాళ్లలో ఒక్కడంటే ఒక్కడు వాటిని వంగి చూసిన పాపాన పోలేదు. కోర్టులో ఆడదాని సాక్ష్యానికి మగవాడి ఊతం వెతికే రోజుల్లో, ఆ రాళ్లు ఎక్కినవాళ్లు ఆడవాళ్లా మగవాళ్లా అని జీలుగుపుట్టులో ఏనాడూ ఎవరూ అడగలేదు.

అచ్చియమ్మ ఆ ఊరికి కోడలుగా వచ్చింది. పుట్టింటివాళ్లు కిల్లో వంశంవాళ్లు. కిల్లో అంటే పులి. పులిని తోబుట్టువుగా ఎంచుకునే వంశం అది. అత్తింటివాళ్లు పాంగివాళ్లు. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలోనే అత్తగారి కోడిపెట్ట కనబడకుండా పోయింది. పక్కింటివాళ్ల కూరకుండలో దాని వాసన తగిలిందని అత్తగారు సదరుకెక్కి, కొత్త కోడల్ని సాక్షిగా లాక్కొచ్చింది. అచ్చియమ్మ రెండు రాళ్లనూ పరకాయించి చూసి, నేరుగా వెళ్లి చెవిరాయి ఎక్కింది.

"మా యత్త సెప్పగా ఇన్నాను," అంది.

సదరంతా గొల్లున నవ్వింది. అత్తగారు ఆ పూట అంబలి పోయలేదు. తర్వాత ఆ పెట్ట కొండవార పొదలో గుడ్ల మీద కూర్చుని దొరికింది. కానీ అప్పటికే ఆమె మొగుడు మంగ్లు పెళ్లానికి పేరు పెట్టేశాడు.

"నా ఇంట్లోకి తాసీల్దారు దిగీసినాదిరా," అని ఊరంతా చెప్పుకుని నవ్వేవాడు. "పులి మీ అన్నే కదే. కంటిరాయెక్కి ఓ అబద్దమాడితే నిన్నేటి సేత్తాది?"

"అన్న ముందర అబద్దమాడితే మరీ సిగ్గు," అనేది అచ్చియమ్మ.

మంగ్లు జీలుగు చెట్లెక్కి కల్లు దింపేవాడు. పొడుగు మనిషి, నవ్వు మనిషి. తమ్ముడు గంగరాజుకు అన్న తలెగరేస్తే చాలు, అదే వేదం. మంగ్లుకూ అచ్చియమ్మకూ కనక అనే కూతురు పుట్టింది. ఆ గుంట నడక నేర్చి, నీళ్లకుండ ఎత్తే ఈడుకు వచ్చేసరికి పంతొమ్మిదివందల ఇరవై ఒకటో సంవత్సరం వానాకాలం వచ్చింది. దానితోపాటే మరిడి వచ్చింది.

పల్లపువాళ్లు కలరా అనే జబ్బునే కొండల్లో మరిడి అంటారు. రోగానికీ, రోగాన్ని పంపే తల్లికీ పేరొక్కటే. ఆ ఏళ్లలో ఆ రోగం ఓడలెక్కి, రైళ్లెక్కి దేశాలు చుట్టబెడుతోంది. దాని గురించి పట్నాల్లో పెద్దలు రెండు జట్లయి పత్రికల్లో తిట్టుకుంటున్నారు. ఆ తిట్లు కొండెక్కడానికి ఎక్కువకాలం పట్టలేదు. తిట్ల వెనకే మందు ఎక్కింది, అదేమిటో చెప్పే మాట ఎక్కలేదు. అసలు కథంతా అక్కడే ఉంది.

జీలుగుపుట్టులో మొదట మంచాన పడింది మంగ్లు. ముందురోజు మొగుడూ పెళ్లాలు కొండ దిగువ సంతకు చింతపండు మోసుకెళ్లి, ఎండలో తిరిగివస్తున్నారు. గెడ్డ, అంటే కొండవాగు, దాటే రేవు దగ్గర మంగ్లు మోకాళ్ల మీద వంగి దోసిళ్లతో నీళ్లు తాగాడు. ఎగువన సంత ఊరి ఆడవాళ్లు జబ్బుపడ్డవాళ్ల చాపలు జాడిస్తున్నారు.

"ఇంటికెల్లి తాగుదువు గానీ. పైన ఏటి ఉతుకుతన్నారో సూడు," అంది అచ్చియమ్మ.

"పారే గెడ్డకి మైలేటే, తాసీల్దారమ్మా?" అని మంగ్లు మూతి తుడుచుకున్నాడు.

తెల్లవారకముందే అతనికి వాంతులు పట్టుకున్నాయి. ఊళ్లో మనుషులు అప్పటికే పోడు కాపలాకు ఎక్కిపోయారు. గంగరాజు కూడా ఇంట్లో లేడు. పల్లం నుంచి శానిటరీ ఉద్యోగి ఒకడు వస్తున్నాడని, అతని మంచమూ పెట్టెలూ మోయడానికి మనుషులు కావాలని, చీకటితోనే వెట్టికి పట్టుకుపోయారు. కూలి లేదు, గంజి లేదు, కాదనే వీలూ లేదు. ఇంట్లో అచ్చియమ్మ ఒక్కతే మొగుడి తల ఒళ్లో పెట్టుకుని, ముందురోజు సాయంత్రం ఊటలో ముంచి తెచ్చిన కుండలో నీళ్లు చెంబుతో పోస్తూ కూర్చుంది.

మధ్యాహ్నానికి ఆ ఉద్యోగి ఊరు చేరాడు. ఊరంతటికీ తాగునీరైన ఊట దగ్గర ఆగి, గంగరాజు నెత్తి మీది డబ్బా దింపించి, మూత తీసి, ఊదారంగు గుండ నీళ్లలో గుమ్మరించాడు. చూస్తూండగానే ఊట కోడి కోసినట్టు ఎర్రబడింది. అక్కడున్న ముసలమ్మ ఒకతె, "ఏటిది బాబూ?" అని అడిగింది.

"నోరు మూసుకుని తాగండి," అని అతను ముందుకు సాగిపోయాడు.

ఆ గుండ మంచిదే. అది నీటిలోని రోగాన్ని చంపుతుంది. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసినది నాలుగు మాటల్లో చెప్పవలసిన బాధ్యత కూడా అతనిదే. అప్పటికే అడవి మూసినవాళ్లు, పోడు మీద పన్ను వేసినవాళ్లు, మనుషుల్ని పశువుల్లా తోలినవాళ్లు, ఊటలో రక్తం రంగు కలిపి నోరు మూసుకోమంటే, ఏ బుద్ధున్న మనిషైనా ఏమనుకుంటాడు? జీలుగుపుట్టు అనుమానపడింది. ఆ అనుమానాన్ని మూఢత్వమన్నవాళ్లు ముందు తమ ఊటలో ఎవరో చెప్పాపెట్టకుండా ఎరుపు కలిపితే తామేం చేస్తారో చెప్పాలి.

మర్నాటి తెల్లవారుజామున మంగ్లు చనిపోయాడు.

అన్న శవం మీద పడి గంగరాజు ఏడ్చిన ఏడుపు కొండలు దాటింది. ఆ కొండల్లో చావు ఏడుపు ఉత్త ఏడుపు కాదు, పాట. దగ్గరివాడు ఒక చరణం ఎత్తుకుంటే, మిగిలినవాళ్లు అదే చరణాన్ని తిప్పి తిప్పి ఏడవాలి. గంగరాజు ఎత్తుకున్న చరణం ఇది: "ఎర్రనీరు పోసినారన్నా, నిన్ను ఎత్తుకెల్లినారన్నా." ఊరంతా ఆ చరణమే ఏడ్చింది. అచ్చియమ్మా ఏడ్చింది. పరామర్శకు వచ్చిన చుట్టాలు దాన్ని తమ ఊళ్లకు మోసుకుపోయి, తమ చావుల్లో ఏడ్చారు.

చూసినదానికీ విన్నదానికీ రెండు రాళ్లు వేసుకున్న ఊరు అక్కడే దెబ్బతింది. ఏడుపుకు సాక్ష్యం అడగరు. ఏడ్చేవాణ్ని, "చూశావా, విన్నావా?" అని నిలదీసే కఠినాత్ముడు ఏ ఊళ్లోనూ ఉండడు. సదరు రాళ్ల మీద ఒక్క పూట నిలవని మాట ఏడుపులో దూరి, ఒక్క వర్షాకాలంలో లోయంతా నిజమై కూర్చుంది. గంగరాజువాళ్లుండే పై వీధి ఊటను వదిలేసి, కొండ దిగి గెడ్డనీళ్లు మోసుకోసాగింది.

ఆ మాటకు ఇంకో బలమూ ఉంది. జీలుగుపుట్టులో పెద్దవాళ్లు పోతే, పంటలు ఇంటికి వచ్చిన తర్వాత, ఊరి చివర నిలువురాయి పాతి, విందు చేసి, చనిపోయినవాణ్ని పితరుల్లో కలుపుతారు. రాయి పడినవాడు ఇంటివాడు; రాయి లేనివాడు పొలిమేర బయట తిరిగేవాడు. పులి తిన్నవాడికీ, మరిడి తీసుకుపోయినవాడికీ రాయి పాతరు. మంగ్లును చంపింది మరిడి కాదు, సర్కారు ఎర్రనీరు. కాబట్టి మంగ్లుకు రాయి దక్కుతుంది. గంగరాజు కొండ మీద మంచి నల్లరాయి చూసి, వంశంవాళ్లతో తాళ్లు కట్టి లాగించి, ఊరి చివరికి చేర్చాడు. విందుకు దున్నపోతు సమకూరేదాకా ఆ రాయి అక్కడే పడుకుని ఉంది. పొద్దున్నే కుండతో వెళ్లేటప్పుడు అచ్చియమ్మ దాన్ని అరచేత్తో తాకి వెళ్లేది.

మరుసటి వానలకు మరిడి మళ్లీ బయలుదేరిందన్న కబురు వచ్చేసరికి ఊరు నిలువునా చీలిపోయి ఉంది.

కింద వీధిలో మిషన్ బడి నడిపే దైవాధీనం ఉండేవాడు. కొండవాడే, బయట చదువుకుని, బాప్తిస్మం పుచ్చుకుని తిరిగొచ్చాడు. నీళ్లు కాచి తాగమనీ, ఎర్రగుండ ఊటలో వేస్తే మరిడి రాదనీ చెప్పేవాడు. ఈసారి గుండడబ్బా తనే తెప్పించుకున్నాడు. పై వీధికి గంగరాజు పెద్ద. ఊటలో గుండ పడితే పోసినవాడి చెయ్యి నరుకుతామని, అతని మనుషులు విల్లంబులతో ఊట దగ్గర కాపలా కూర్చున్నారు. సంతలో ఒకరినొకరు "ఎర్రనీళ్లోళ్లు", "గెడ్డతాగుబోతులు" అని పిలుచుకునేవారు. ఖాయమైన పెళ్లిసంబంధం ఒకటి చెడింది. ఆఖరికి జీలుగు చెట్ల కింద కల్లుకుండలు కూడా రెండుగా విడిపోయాయి. జీలుగుపుట్టు చరిత్రలో అంతటి ఘోరం అంతకుముందు లేదు.

కింద సంత ఊళ్లో చావులు మొదలయ్యాయి. అప్పుడు ఊరి నాయుడు, అంటే ఊరిపెద్ద, భీముడు, నడుం వంగిన ముసలివాడు, బారికి గాసిని పిలిచి సదరు చాటించమన్నాడు. బారికి అంటే ఊరి పిలుపు మోసేవాడు. గాసి డప్పు కొట్టి, "రేపు పొద్దెక్కేసరికి అందరూ సదరుకి రావాల. విల్లులు ఇంటికాడ, నోళ్లు సదరుకాడ!" అని వీధి వీధీ తిరిగాడు.

సదరు నిండింది. మొదట గంగరాజు లేచాడు. పుట్టమన్ను నాలుక మీద వేసుకుని కంటిరాయి ఎక్కాడు.

"మా యన్న సచ్చిపోవడం నాను సూసినాను. ఎర్రనీళ్లు ఊటలో పొయ్యడం సూసినాను. ఇంకేటి కావాల?"

"ఎర్రనీళ్లు మీ యన్న తాగడం సూసినావా?" అన్నాడు భీముడు.

"ఊటనీళ్లే కదా తాగుతాడు. ఊరంతా సెప్పుతోంది."

"ఊరంతా సెప్పింది సెవిలోకెల్తాదిరా, కంట్లోకి కాదు. రాయి మారు."

గంగరాజు రాయి దిగి, మొహం కందగడ్డ చేసుకుని చెవిరాయి ఎక్కాడు. పై వీధి గొణిగింది. కింద వీధి నవ్వింది. ఆ నవ్వు చల్లారకముందే దైవాధీనం లేచి, కోటు సర్దుకుని, కంటిరాయి ఎక్కాడు.

"నీళ్లలో పురుగులున్నాయి," అన్నాడు. "కంటికానని పురుగులు. అవే మరిడి తెస్తన్నాయి. గుండేస్తే సస్తాయి."

"కంటికాననివి నువ్వెలా సూసినావు, పంతులూ?" అన్నాడు భీముడు.

"అద్దాల గొట్టంలోంచి సూసినారు."

"ఎవులు?"

"మా డాక్టరుదొరలు సూసినారు. నాను ఇన్నాను. సదివినాను."

"సదివింది కంటిరాయేనా, సెవిరాయేనా?" అని వెనక నుంచి గాసి అడిగాడు. సదరు గొల్లున నవ్వింది. దైవాధీనం మాత్రం నవ్వలేదు, కోపగించుకోలేదు. "సెవిరాయే," అని ఒప్పుకుని, దిగి, పడమటికి నడిచాడు. అతని సంగతి చెప్పేటప్పుడు ఈ ఒక్క ముక్క మరిచిపోకూడదు: సదరు ధర్మం తన వాదానికి అడ్డొచ్చినా అతను దాన్ని తోసిపుచ్చలేదు.

కాని చెవిరాయి మీద గంగరాజు అప్పటికే ఉన్నాడు. ఉన్నది ఒక్క మనిషి చోటు. ఒకరి మొహం ఒకరు చూడని ఇద్దరూ భుజాలు రాసుకుంటూ, మడమలు గాలిలో ఉంచి, పడిపోకుండా ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని నిలబడవలసి వచ్చింది.

"బాగున్నార్రా బావమరుదుల్లాగ!" అంది వెనక నుంచి ఒక ముసలమ్మ.

భీముడు నవ్వలేదు. ఖాళీ కంటిరాయిని చూశాడు. "ఏడాదై కొట్టుకుంటన్నారు," అన్నాడు. "రెండు జట్లూ ఒక్క రాయి మీదే ఉన్నాయి. ఆ రాయి మీద ఎవులైనా ఉన్నారా అంట?"

అచ్చియమ్మ ఆడవాళ్ల నడుమ కూర్చుని ఉంది. ఆమె కూర్చున్న చోటి నుంచి ఊరి చివర పడుకున్న నల్లరాయి కనిపిస్తోంది. ఏడాది వానలకు ఒక పక్క పాచి పట్టింది. నోరు విప్పితే ఆ రాయి లేవదు. మంగ్లు పొలిమేర బయట తిరిగేవాడవుతాడు. విప్పకపోతే ఊట అలాగే ఉంటుంది. కనక రేపూ, ఎల్లుండీ సంత ఊరి కిందుగా పారే గెడ్డనీళ్లే తాగుతుంది. పక్కనే కూర్చున్న కనక తల మీద ఒకసారి చెయ్యి వేసి, అచ్చియమ్మ లేచింది.

ఆమె ఎటు నడుస్తోందో గంగరాజు చూశాడు.

"వదినా," అన్నాడు చెవిరాయి మీంచే, గొంతు తగ్గించి. "సూసుకో. అన్న రాయి పోద్ది."

"తెలుసు," అంది. పుట్టమన్ను నాలుక మీద వేసుకుంది. కంటిరాయి ఎక్కింది.

"నా మొగుడు ఎర్రనీళ్లు తాగనేదు," అంది. "గుండ పొయ్యకముందే, సీకటితోనే, ఆడికి వాంతులు పట్టినాయి. ముందునాడు నాను తెచ్చిన కుండనీళ్లే పోసినాను, సచ్చిందాకా. ఆ కుండలో ఎరుపు నేదు. నా సేత్తో పోసినాను, నా కళ్లతో సూసినాను."

గంగరాజు అరిచాడు. "ఎర్రనీరు పోసినారని నువ్వూ ఏడిసినావు కదే! నా పక్కన కూకుని ఏడిసినావు!"

"ఏడిసినాను," అంది అచ్చియమ్మ. "రాయెక్కి సెప్పనేదు."

దైవాధీనం మొహం వెలిగింది. "సూసినారా! సంతకాడ గెడ్డలో పురుగులే..."

"నువ్వాగు, పంతులూ." అచ్చియమ్మ అతని వైపు తిరిగింది. "సంత రేవులో ఆడు నీళ్లు తాగినాడు, అది సూసినాను. ఎగువన రోగపు సాపలు ఉతుకుతన్నారు, అది సూసినాను. ఆ రెండిటి మద్దిన ఏటుందో నాను సూళ్లేదు. నీ పురుగుల్ని నా నోట్లో ఎట్టకు."

ఏ మహాన్యాయవాదీ అంతకంటె నిక్కచ్చిగా సాక్షిని నిలబెట్టలేడు. తనకు అనుకూలమైనవాడికి కూడా అడిగినదానికంటె ఒక్క గింజ ఎక్కువ పెట్టలేదామె.

"మరి ఎర్రనీళ్లు తాగితే ఏటవుద్దో?" అన్నాడు భీముడు.

"అదీ సూసినాను. మొగుణ్ని మట్టి సేసొచ్చి నానూ నా గుంటా ఎర్రనీళ్లే తాగినాం. ఊట తప్ప ఇంకేటుంది అప్పుడు? తుప్పు రుసి. సచ్చిపోనేదు. ఇదిగో, నిలబడున్నాను."

ఆమె రాయి దిగింది. సదరులో ఆడవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్లూ తాగారు. గంగరాజు ఏడుపు ఊరూరా నిజమై, ఊటను వదిలేసేదాకా పై వీధంతా ఆ నీళ్లే తాగింది. తాగి బతికినవాళ్లెవరికీ బతకడం సాక్ష్యమని తోచలేదు. ఒక ముసలమ్మ లేచి కంటిరాయి ఎక్కి, "తాగినాను," అని దిగింది. ఇంకొకతె ఎక్కింది. తర్వాత ఒక కుర్రవాడు ఎక్కాడు; నిన్నటిదాకా ఊట దగ్గర విల్లు పట్టుకున్నవాడే.

చివరికి డప్పు పక్కన పెట్టి గాసి వచ్చాడు. ఎప్పుడూ ఊరి మాట మోసేవాడు గాని, తన మాటతో అతను రాయి ఎక్కడం ఎవరూ చూడలేదు. మన్ను నాలుక మీద వేసుకున్నాడు.

"మా యమ్మ ఊట మానీసి గెడ్డనీళ్లు తాగింది. నానే మోసుకొచ్చి ఇచ్చినాను. వాంతులతో పోనాది." ఆగాడు. "అది సూసినాను." ఇంకేమీ అనకుండా దిగి, డప్పు తీసుకున్నాడు.

చెవిరాయి మీంచి దైవాధీనం ఎప్పుడో దిగిపోయాడు. గంగరాజు ఒక్కడే నిలబడి ఉన్నాడు. అచ్చియమ్మ అతని దగ్గరికి వెళ్లింది. ఆమె ఏమందో వినడానికి ఊరు మెడలు సాచింది గాని, ఆమె మరిదికి మాత్రమే వినబడేలా చెప్పింది.

"ఏడాదై నీ మొకంలోకి సూడనేకపోతన్నాను, గంగా. ఆ డబ్బా నీ నెత్తి మీదే వొచ్చిందని నువ్వు అన్నం మానీసినావు. సూడు ఇలాగ. నువ్వు మోసింది మీ యన్నని సంపనేదు."

గంగరాజు రాయి మీదే కూలబడిపోయాడు. వెట్టిమోతకు లాక్కుపోయి, ఏమిటో చెప్పకుండా నెత్తికెత్తిన డబ్బా అది. ఏడాదిపాటు అతను విల్లు పట్టుకుని ఊట దగ్గర కాపలా కాసింది దేనికోసమో అప్పటిదాకా ఊళ్లో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఇద్దరు మగవాళ్లు అతన్ని లేపి నీడలో కూర్చోబెట్టారు.

సదరు ఆ రోజు తీర్పు చెప్పింది. గుండ ఊటలో వేయవచ్చు. కాని ఊరంతా చూస్తుండగా, పట్టపగలు వేయాలి. అదేమిటో, దేనికో, వేసేవాడు ముందు సదరులో చెప్పాలి. వేసినవాడు మొదటి దోసిలి తనే తాగాలి. పల్లం నుంచి ఏ ఉద్యోగి వచ్చినా ఇదే నియమం; అతని పెట్టెలు అతనే మోసుకుని రావాలి. జనం సమ్మతి లేకుండా జనం మీద ఏ మందూ ప్రయోగించరాదన్న సూత్రాన్ని లోకంలో పెద్ద పెద్ద సభలు ఎప్పుడు తీర్మానించుకున్నాయో చరిత్ర పుస్తకాల్లో చూసుకోవచ్చు. జీలుగుపుట్టు ఒక పొద్దులో తీర్మానించుకుంది, అదీ చావు గుమ్మంలో ఉండగా.

దైవాధీనం గుండ వేసి, ఎర్రని దోసిలి గటగటా తాగి, మొహం వికారంగా పెట్టాడు.

"ఎలాగుంది పంతులూ?" అన్నాడు గాసి.

"కంటిరాయెక్కి సెప్పమంటావా? సెడ్డగా ఉంది," అన్నాడు దైవాధీనం. ఆ నవ్వులోనే పై వీధి కుండలూ, కింద వీధి కుండలూ ఊటలో మునిగాయి. గంగరాజు అందరికంటె చివర వచ్చాడు. "నీళ్లు తాగుతాను గానీ, నీతో మాటాడను వదినా," అని తాగి వెళ్లిపోయాడు.

ఆ వానాకాలం చుట్టుపక్కల ఊళ్లలో మరిడి తిరిగింది. జీలుగుపుట్టుకు రాలేదు. ఎర్రనీళ్ల వల్లే రాలేదా అని తర్వాత ఎవరెన్నిసార్లు అడిగినా అచ్చియమ్మ ఒకే జవాబు చెప్పేది. "రానేదు. అది సూసినాను."

ఇక రాయి మిగిలింది. పంటలు ఇళ్లకు చేరిన తర్వాత భీముడు స్వయంగా అచ్చియమ్మ గుమ్మంలోకి వచ్చి, కర్ర ఆనించి కూర్చున్నాడు.

"కోడలా, పెద్దలం అనుకున్నాం. మంగ్లుకి రాయి ఎత్తుదుం. నువ్వు సెప్పిన మాటకి ఊరు నీకు అప్పున్నాది."

అచ్చియమ్మకు ఆ రాయి కావాలి. ఎంత కావాలో రోజూ దాన్ని తాకిన చేతికి తెలుసు.

"వొద్దు మావా," అంది. "మరిడితో పోయినోడికి రాయి నేదన్నది మన కట్టు. ఇయ్యాల నాకోసం కట్టు మారితే, రేపు ఎవుడైనా ఏటంతాడు? రాయిత్తామన్నారు గనక సెప్పింది అంతాడు. అప్పుడు నా మాట ఏ రాయి మీదుంటాది?"

భీముడు లేచి వెళ్లబోతుంటే ఆమే మళ్లీ అంది. "నిలబెట్టిన రాయే కదా సచ్చినోడిది. పడుకోబెట్టిన రాయి ఎవులిది?"

"ఎవులిదీ కాదు. అందరిదీ."

"ఊటకాడ కుండలు దించుకోడానికి సోటు నేదు. బురదలో దించుతన్నాం."

మర్నాడు పొద్దున గంగరాజు తాళ్లు భుజాన వేసుకుని వచ్చాడు. వదినతో మాట్లాడలేదు. వంశంవాళ్లను పిలిచి, నల్లరాయికి తాళ్లు కట్టి, ఊరి చివర నుంచి ఊటదాకా లాగాడు. దైవాధీనం కోటు విప్పి ఒక తాడు పట్టుకున్నాడు, గంగరాజు వద్దనలేదు. ఊట ఒడ్డున మట్టి చదును చేసి, రాయిని వెల్లకిలా పడుకోబెట్టి, గంగరాజు పాచి పట్టిన పక్కను ఇసుకతో చాలాసేపు తోమాడు. చేతులు కడుక్కుని లేచి, "వదినా, సమంగుందా?" అన్నాడు. ఊట దగ్గర మాటాడనని వెళ్లిపోయాక అతను ఆమెతో అన్న మొదటి మాట అది.

"ఇటుపక్క ఎత్తు. ఇంకాస్త తవ్వు," అంది అచ్చియమ్మ.

తవ్వి, సరిచేశారు. అచ్చియమ్మ కుండ ముంచి, తల్లీకూతుళ్లు ఇద్దరూ పట్టి ఒడ్డుకు ఎత్తారు. రాయి దగ్గర కనక ఆగిపోయింది. తల్లి మొహంలోకి చూసింది.

"ఇది అయ్య రాయేనా అమ్మా?"

"కాదు," అంది అచ్చియమ్మ. "కుండ దించు."